ఇంగ్లిషు సాధనాలు, తెలుగు బైబిలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బైబిలు అధ్యయనానికి వాడే పదసూచికలు (ఏ మాట ఏయే వచనాల్లో వచ్చిందో చూపే పుస్తకాలు), నిఘంటువులు, యాప్‌ల మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. వీటిలో చాలామటుకు ఒకే ఇబ్బంది కనిపిస్తోంది. చదివేది తెలుగు బైబిలు, వాడే సాధనమేమో ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిలును దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తప్పుతాయో ముందుగా తెలిస్తే సగం తికమక పోతుంది.

ప్రసంగాల్లో ‘స్ట్రాంగ్స్ నంబరు’ అనే మాట తరచు వింటున్నాను. నా దగ్గర బి.ఎస్.ఐ. (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా) పాత అనువాదం ఉంది. హెబ్రీ, గ్రీకు రావు, ఇంగ్లిషు ఓ మోస్తరుగా వచ్చు. ఆ నంబర్లు నాకెలా పనికొస్తాయి?
— పాఠకురాలు, పిఠాపురం

జేమ్స్ స్ట్రాంగ్ 1890లో వెలువరించిన పదసూచికలో మూలభాషల మాటలకు వరుస నంబర్లు ఇచ్చారు. పాత నిబంధనకు 1 నుంచి 8674, కొత్త నిబంధనకు 1 నుంచి 5624. యాప్‌లలో హెబ్రీ నంబరుకు ముందు ‘హెచ్’, గ్రీకు నంబరుకు ముందు ‘జి’ ఉంటుంది. గ్రీకు వరుసలో 2717, ఆ తర్వాత 3203 నుంచి 3302 వరకు నంబర్లే లేవు. అక్కడ ఖాళీ కనిపిస్తే యాప్ పాడైందనుకోకండి.

ఈ నంబర్లు కింగ్ జేమ్స్ బైబిలులోని మాటలకు తగిలించినవి. కాబట్టి దారి ఇలా ఉంటుంది: తెలుగు వచనం, ఇంగ్లిషులో అదే వచనం, మీకు కావలసిన మాట మీద ఉన్న నంబరు, ఆ నంబరు కింద ఉన్న మూలపదం. చివరి అడుగు చాలామంది వేయరు గానీ ఫలమంతా అందులోనే ఉంది. అదే నంబరు వచ్చే మిగతా వచనాలన్నీ తెరిచి, అక్కడ తెలుగులో ఏ మాట వాడారో చూడాలి.

హోషేయ 6:6 తీసుకోండి. “నేను బలిని కోరను గాని కనికరమునే కోరుచున్నాను.” ఇంగ్లిషులో ‘మెర్సీ’ అనే మాట మీద హెచ్ 2617 ఉంటుంది. అది ‘హెసెద్’. ఆ నంబరు నొక్కితే సుమారు 250 చోట్లు వస్తాయి. కీర్తన 136లో ప్రతి వచనం చివరా వచ్చే “ఆయన కృప నిరంతరముండును” అన్నదాంట్లో కృప ఈ మాటే. రూతు 1:8లో నయోమి కోడళ్లతో అన్న ‘దయ’ కూడా ఇదే. మన అనువాదకులు సందర్భాన్ని బట్టి కనికరమనీ, కృప అనీ, దయ అనీ మూడు రకాలుగా రాశారు. తెలుగు పదసూచికలో ‘కృప’ కింద వెతికేవారికి హోషేయ వచనం దొరకనే దొరకదు.

దీనికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది. ఎఫెసీ 2:8లోని ‘కృపచేతనే’ గ్రీకులో ‘ఖారిస్’, జి 5485. తెలుగులో మాట ఒకటే అయినా కీర్తన 136లోని కృపకూ దీనికీ మూలపదాలు వేరు. యేసు హోషేయ వచనాన్ని ఎత్తి చెప్పిన మత్తయి 9:13లో అయితే గ్రీకు మాట ‘ఎలియోస్’, జి 1656. హెసెద్‌కు గ్రీకు పాత నిబంధన ఎక్కువగా వాడింది ఆ మాటనే. పాత నిబంధన హెసెద్‌ను కొత్త నిబంధనలో అనుసరించి వెళ్లాలంటే ముందు ఎలియోస్ వెంట వెళ్లండి.

ఇక జాగ్రత్తలు. కింగ్ జేమ్స్‌లో వాలు అక్షరాల్లో ఉన్న మాటలు అనువాదకులు అర్థం పూర్తి కావడానికి చేర్చినవి. వాటికి నంబరుండదు, వెతకొద్దు. ఎన్.ఐ.వి. అనే మరో ఇంగ్లిషు అనువాదానికి వచ్చిన పదసూచికల్లో గుడ్రిక్, కోలెన్‌బెర్గర్ పేర్లతో ఉన్న నంబర్లు పూర్తిగా వేరే వరుస. ఆ నంబరు తీసుకెళ్లి స్ట్రాంగ్స్ నిఘంటువులో చూస్తే సంబంధం లేని మాట వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, నంబరు మాటను మాత్రమే చెబుతుంది, ఆ వచనంలో మాట ఏ రూపంలో ఉందో చెప్పదు. హెచ్ 4191 ‘మూత్’ అనే హెబ్రీ క్రియ. సాధారణ రూపంలో దాని అర్థం చచ్చుట, ప్రేరణ రూపంలో చంపుట. రెండిటికీ నంబరు ఒక్కటే. నిఘంటువులో ఉన్న అర్థాల జాబితా లోంచి నచ్చినది ఏరుకుని వచనానికి అతికించడం వల్ల వచ్చే తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. క్రియ అయితే రూపం కూడా చూపించే సాధనం కావాలి. కేంబ్రిడ్జిలోని బైబిలు పరిశోధనా సంస్థ టిండేల్ హౌస్‌లో రూపొందిన, ఉచితంగా అందే స్టెప్ బైబిలులో మాట మీద వేలు పెడితే ఆ రూపం ఏమిటో కూడా కనిపిస్తుంది.

ఫోనులో తెలుగు బైబిలు ఉంది. బాగా గుర్తున్న వచనాలు కూడా వెతికితే దొరకడం లేదు. ‘తల్లిదండ్రులు’ అని కొట్టాను, ఎఫెసీ 6:1 రాలేదు. లోపం యాప్‌లోనా?
— పాఠకుడు, ఖమ్మం

చాలాసార్లు లోపం యాప్‌లో ఉండదు. పాత అనువాదంలో ఆ వచనం “మీ తలిదండ్రులకు విధేయులైయుండుడి” అని ఉంది. ‘ల’ ఒత్తు లేదు. యంత్రం అక్షరాన్ని అక్షరంతో పోల్చి చూస్తుంది, మీరు అడిగినది అక్కడ లేదు గనుక ‘లేదు’ అంది.

పాత అనువాదంలో వెతకడానికి మాట మొత్తం కొట్టకూడదు. మారని ముక్కను కొట్టాలి. ఇక్కడ ‘దండ్రు’ చాలు. ‘తండ్రి’ అని వెతికితే తలిదండ్రులు రారు, ఎందుకంటే సమాసంలో ‘త’ కాస్తా ‘ద’ అయింది. బళ్లో చదివిన గసడదవాదేశం ఇక్కడ నేరుగా అక్కరకొస్తుంది. రెండో మాట మొదట్లో క, చ, ట, త, ప ఉంటే గ, స, డ, ద, వ కూడా ప్రయత్నించండి.

విభక్తి చేరినప్పుడు రూపమే మారిపోయే మాటలతో ఇంకా ఇబ్బంది. ఇల్లు, ఇంటి, ఇండ్లు అనే మూడిటికీ కలిపి వెతికే ముక్క లేదు. మూడుసార్లు విడివిడిగా వెతకాలి. పాత అనువాదం వాక్యం నడుమ ‘యింటి’ అని కూడా రాస్తుంది కాబట్టి నాలుగోసారీ వెతకాలి. కన్ను, కంటి, కన్నులు; నీళ్లు, నీటి; చెయ్యి, చేతి కూడా ఇంతే. ఇ, ఎ అక్షరాలతో మొదలయ్యే ప్రతి మాటకూ యి, యె రూపం ఉండవచ్చునని గుర్తుంచుకోండి. ‘ఇరువది’ ఒకచోట, ‘యిరువది’ మరోచోట. అలాగే ‘ళ్లు’, ‘ళ్ళు’ రెండూ వాడుకలో ఉన్నాయి. ‘రాయు’ అని వెతికితే ‘వ్రాయబడిన’ రాదు, ‘వ్రాయ’ అని కొట్టాలి.

క్రియల్లో పని తేలిక. ‘క్షమ’ అని కొడితే క్షమించు, క్షమింపబడు అన్నీ వస్తాయి. ‘క్షమాపణ’ కూడా వస్తుంది, ఎందుకంటే యంత్రం దృష్టిలో ‘మా’ అంటే ‘మ’ పక్కన దీర్ఘం గుర్తు మాత్రమే. కానీ యాప్‌లో ‘పూర్తి పదం మాత్రమే’ అనే ఎంపిక పెట్టి ఉంటే ఇవేవీ రావు. తెలుగు వెతుకులాటలో దాన్ని ఎప్పుడూ తీసేసి ఉంచండి.

రెండు మాటలు కలిపి వెతకకండి. ‘అద్వితీయకుమారుడు’ ఒక ప్రతిలో కలిసి ఉంటుంది, మరో ప్రతిలో విడిపోయి ఉంటుంది. మధ్య ఖాళీ ఒక్కటి తేడా వచ్చినా దొరకదు. ‘అద్వితీయ’ అని ఒక్క మాట కొట్టి, వచ్చిన జాబితా చదువుకోవడం నయం.

పి.డి.ఎఫ్. ప్రతుల్లో అసలేమీ దొరకకపోతే కారణం వేరు. అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాల్లో అక్షరాలు తెరమీద తెలుగులా కనిపించినా లోపల యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాలు) ఉండదు. అందులోంచి ఓ వాక్యం కాపీ చేసి మెసేజిలో అతికించి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే ఆ ఫైలులో తెలుగులో వెతకలేరు. యూనికోడ్ ప్రతి సంపాదించుకోవాలి.

కీర్తన 51:10 మీద వ్యాఖ్యానం కోసం చూస్తే ఒక పుస్తకంలో 51:12 అని, మరోచోట 50:12 అని ఉంది. అచ్చుతప్పులా?
— పాఠకుడు, నెల్లూరు

మూడూ సరైనవే. “దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము” అన్న వచనానికి మూడు చిరునామాలున్నాయి.

‘ప్రధానగాయకునికి. దావీదు కీర్తన’ లాంటి పైమాటలు మన బైబిలులో నంబరు లేకుండా ఉంటాయి. హెబ్రీ బైబిలు వాటిని కూడా లెక్కిస్తుంది. 51వ కీర్తనలో ఆ పైమాటే రెండు వచనాలైంది, అందుకని 10 కాస్తా 12 అయింది. పైమాట చిన్నదైన కీర్తనల్లో తేడా ఒకటే ఉంటుంది, చాలా చిన్నదైతే తేడాయే ఉండదు. ఇక 50 ఎందుకొచ్చిందంటే, గ్రీకు, లాటిన్ బైబిళ్లు 9, 10 కీర్తనలను ఒకటిగా కలిపాయి. అక్కడి నుంచి లెక్క ఒకటి వెనకబడింది. తర్వాత 114, 115 కలిసి, 116, 147 రెండేసిగా విడిపోయి, 148 దగ్గర మళ్లీ అందరి లెక్కా ఒకటవుతుంది. పాత కథోలిక పుస్తకాల్లో ఈ గ్రీకు లెక్కే ఉంటుంది.

కీర్తనలే కాదు. యోవేలు 2:28 హెబ్రీలో 3:1. మలాకీ 4:1 హెబ్రీలో 3:19. యోనా 1:17 హెబ్రీలో 2:1. మూలభాష మాటల కింద మాటకు మాట అర్థం ఇచ్చే ఇంటర్‌లీనియర్‌లో తెలుగు చిరునామా కొట్టినప్పుడు సంబంధం లేని మాటలొస్తే ముందు పక్క వచనాలు చూడండి.

1 యోహాను 5:7లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు సాక్షులు ఇంగ్లిషులో ఉన్నారు, మన తెలుగులో లేరు. తెలుగులో ఎవరైనా తీసేశారా?
— పాఠకురాలు, దోహా

ఎవరూ తీసేయలేదు. మీరు చూసిన ఇంగ్లిషు 1611 నాటి కింగ్ జేమ్స్ అయి ఉండాలి. ఆ మాటలు పాత గ్రీకు చేతిప్రతుల్లో లేవు. అవి లాటిన్ సంప్రదాయంలోంచి వచ్చాయి. డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లో, 1519లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనల్లో అవి లేవు. 1522 ముద్రణలో చేర్చాడు. తర్వాతి గ్రీకు ముద్రణలు దాన్నే కొనసాగించాయి, కింగ్ జేమ్స్‌కు ఆధారం అవే. 1881లో ఇంగ్లిషు సవరణ అనువాదం ఆ మాటలను వదిలేసి, ఏడో నంబరు ఖాళీ కాకుండా ఆరో వచనాన్ని రెండుగా విడగొట్టింది. మన పాత అనువాదంలో ఉన్నదీ ఆ విభజనే: “మరియు ఆత్మ సత్యము గనుక ఆత్మ సాక్ష్యమిచ్చువాడు” అన్నది ఏడు. ఆత్మ, నీళ్లు, రక్తము అనే ముగ్గురు సాక్షులు ఎనిమిది.

స్ట్రాంగ్స్ వాడేవారికి దీనివల్ల ఓ పని పడుతుంది. తెలుగు 5:7లోని మాటల నంబర్లు కావాలంటే కింగ్ జేమ్స్‌లో 5:6 చివరి సగం చూడాలి. అక్కడి 5:7కూ మన 5:7కూ పొత్తు లేదు.

త్రిత్వ బోధ ఈ ఒక్క వచనం మీద నిలబడి లేదు, కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ వాట్సాప్‌లో ‘బైబిలులోంచి వచనాలు మాయం చేస్తున్నారు’ అనే సందేశం వస్తే పంపేముందు ఆ వచనం కింద అధస్సూచిక చదవండి. మార్కు 16:9–20, యోహాను 7:53–8:11 దగ్గర కూడా అలాంటి సూచికలే ఉంటాయి. చేతిప్రతుల్లో ఉన్న తేడాను దాచకుండా చెప్పడం నిజాయితీ, అది మనకు మేలే చేస్తుంది.

గొల్యాతు ఎత్తు “ఆరుమూళ్లజేనెడు” అని మన బైబిలులో, ఏడడుగులకు దగ్గర అని ఓ ఇంగ్లిషు బైబిలులో చదివాను. ఇంత తేడా ఎలా? అతని కవచం ఐదువేల తులాలంటే ఈనాటి లెక్కలో ఎంత?
— సండేస్కూలు టీచరు, తెనాలి

రెండు ప్రశ్నలూ 1 సమూయేలు 17వ అధ్యాయం మొదట్లోవే అయినా, వాటికి కావలసిన సాధనాలు వేరు.

ఎత్తు సంగతి చేతిప్రతులది. మూర అంటే మోచేయి నుంచి వేలికొస వరకు, మన పూలమూర కొలతే, సుమారు 45 సెంటీమీటర్లు. జేన అందులో సగం. ఆరు మూరల జేన 290 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే తొమ్మిదిన్నర అడుగులు. మన అనువాదానికి ఆధారమైన మసోరెటిక్ హెబ్రీ పాఠంలో (యూదులు తరతరాలుగా భద్రపరచిన ప్రామాణిక పాఠంలో) అలాగే ఉంది. ప్రాచీన గ్రీకు అనువాదంలో నాలుగు మూరల జేన అని ఉంది. మృతసముద్రం దగ్గర కుమ్రాను నాలుగో గుహలో దొరికిన సమూయేలు చేతిచుట్టలో కూడా హెబ్రీలోనే నాలుగు అని ఉంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిందీ నాలుగే. నాలుగు మూరల జేన అంటే రెండు మీటర్లు, ఆరడుగుల ఎనిమిది అంగుళాలకు కాస్త అటూ ఇటూ. మీరు చూసినది నెట్ బైబిలు అనే ఇంగ్లిషు అనువాదం అయి ఉంటుంది, అది ఆ పాఠాన్ని అనుసరించింది. కుమ్రాను చుట్ట హెబ్రీలోనే నాలుగు అంటోంది గనుక గ్రీకు అనువాదకులు తగ్గించి రాశారనడం కుదరదని, నాలుగే పాత పాఠమని మా అభిప్రాయం. అయితే పిల్లలకు చెప్పేటప్పుడు చేతిలోని బైబిలులో ఉన్నది చదివి, పాత ప్రతుల్లో నాలుగని కూడా ఉందని ఒక్క మాట చేర్చితే చాలు.

బరువు సంగతి కొలతలది. పాత అనువాదం ‘షెకెలు’ అనే హెబ్రీ తూకాన్ని ‘తులము’ అని రాసింది. యూదా ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన తూకపు రాళ్లను బట్టి షెకెలు సుమారు 11.4 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. అనువాదకుల ఎంపిక అంత దగ్గరగా సరిపోయింది. ఐదువేల షెకెళ్లంటే దాదాపు 57 కిలోలు. ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే 10 గ్రాములు. ఆ లెక్కన వేస్తే 50 కిలోలే వస్తుంది, ఏడు కిలోలు పోతాయి. పాత అనువాదంలో తులం కనిపించినప్పుడల్లా 11.4తో హెచ్చించండి.

కొత్త నిబంధనలోని దేనారాన్ని మాత్రం గ్రాముల్లోకి, రూపాయల్లోకి మార్చకండి. మత్తయి 20:2 ప్రకారం అది ఒక కూలివాడి ఒకరోజు కూలి. యోహాను 6:7లోని రెండువందల దేనారాలను ‘రెండువందల రోజుల కూలి’ అని చెబితే పిల్లలకు ఇట్టే అందుతుంది.

‘శక్తి’కి గ్రీకు మాట దునామిస్, డైనమైట్ అందులోంచే వచ్చింది, కాబట్టి రోమా 1:16లో సువార్త డైనమైట్ లాంటిదని చెప్పవచ్చా?
— యువజన నాయకుడు, కరీంనగర్

చెప్పకండి. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ ఆ పేరు పెట్టింది 1867లో. పౌలుకు ఆ పేలుడు తెలియదు. మాట అర్థం దాన్ని రాసిన కాలంలో ఎలా వాడారన్న దాన్నిబట్టి తేలుతుంది, తర్వాత దాన్నుంచి పుట్టిన మాటల వల్ల తేలదు. జి 1411 కింద పౌలు వాడిన చోట్లు చదవండి. 1 కొరింథీ 1:18లో సిలువ వార్త రక్షింపబడుచున్న మనకు దేవుని శక్తి అంటాడు. రోమా వచనానికి వెలుగు అక్కడుంది.

తెలుగులో బైబిలు మొదట ఎప్పుడు వచ్చింది?
— విద్యార్థి, విజయనగరం

జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720ల చివర్లోనే కొత్త నిబంధనను అనువదించాడు, ఆ రాతప్రతి జర్మనీలోని హాల్లే చేరింది గానీ అచ్చు కాలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్‌కు చెందిన అగస్టస్ దె గ్రాంజ్, ఆనందరాయర్ సహాయంతో చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. దె గ్రాంజ్ అంతకు రెండేళ్ల ముందే, 1810లో కన్నుమూశాడు.

ఉచిత యాప్‌లలో స్ట్రాంగ్స్, థేయర్ నిఘంటువులు ఉన్నాయి. ఇవి చాలవా? కొనవలసి వస్తే ముందు ఏది కొనాలి?
— పాస్టరు, మదనపల్లె

ఉచితంగా దొరుకుతున్నాయంటే కాపీహక్కు తీరినంత పాతవని అర్థం. థేయర్ గ్రీకు నిఘంటువు 1889 నాటిది. ఈజిప్టులో ఆక్సిరింకస్ పాపిరస్ తవ్వకాలు మొదలైంది 1896–97 చలికాలంలో. మామూలు జనం రాసుకున్న ఉత్తరాలు, పద్దులు, పత్రాలు వేలకొద్దీ బయటపడి, కొత్త నిబంధన గ్రీకు ఆనాటి వాడుక భాషేనని నిలబెట్టాయి. ఆ వెలుగు థేయర్‌కు అందలేదు. 1906లో వచ్చిన హెబ్రీ నిఘంటువు బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్‌దీ అదే పరిస్థితి. హెబ్రీకి దగ్గరి భాషలో రాసిన ఉగరితు పలకలు 1929లో, కుమ్రాను చుట్టలు 1947 నుంచి దొరికాయి. పాత నిఘంటువులు పనికిరావని మేమనడం లేదు. మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడటానికి అవి చాలు. ఒక మాటకు ‘అసలు అర్థం ఇదే’ అని పీఠం మీద నుంచి చెప్పేముందు మాత్రం కొత్తది చూడాలి. గ్రీకుకు 2000లో వచ్చిన బావర్, డాంకర్ నిఘంటువు మూడో కూర్పు ప్రామాణికం. ఖరీదైన పుస్తకం, దగ్గరలోని వేదాంత కళాశాల గ్రంథాలయంలో అడిగి చూసుకోవచ్చు.

కొనేముందు ఉచితంగా అందే రెండిటిని అలవాటు చేసుకోండి. ఒకటి స్టెప్ బైబిలు. రెండోది నెట్ బైబిలు, అరవై వేలకు పైగా అనువాదకుల వివరణలతో ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. దాని వివరణల ముందు చిన్న గుర్తులుంటాయి. ‘టి.సి.’ అంటే చేతిప్రతుల తేడా, ‘టి.ఎన్.’ అంటే అనువాద సమస్య, ‘ఎస్.ఎన్.’ అంటే నేపథ్యం. ప్రసంగానికి సిద్ధపడుతున్నప్పుడు ముందు టి.ఎన్. చదవండి, తెలుగు అనువాదాలు ఎందుకు వేరుపడ్డాయో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

డబ్బు పెట్టేదైతే మొదట మరో తెలుగు అనువాదానికి పెట్టండి. పాత అనువాదం పక్కన ఈమధ్య వచ్చిన వాడుక భాష అనువాదం ఒకటి పెట్టుకుని, అదే భాగాన్ని రెండిటిలోనూ చదివి, తేడా కనిపించిన మాటల కింద పెన్సిలుతో గీయండి. తేడా లేని మాటలకు నిఘంటువు అవసరం చాలా అరుదు. గీత పడిన మాటలకు స్ట్రాంగ్స్ నంబరు పట్టుకోండి. ఒక అధ్యాయంలో అలాంటివి నాలుగైదుకు మించి ఉంటే, ప్రసంగాంశానికి ముడిపడినవి ఒకటి రెండు తీసుకుని మిగతావి పక్కన పెట్టండి. వ్యాఖ్యానం తెరిచేది ఆ తర్వాతే. ముందే తెరిస్తే వచనంలో ఏముందో మీరు చూడకముందే వ్యాఖ్యాత చెప్పింది చెవిలో పడుతుంది.